గంజి పెట్టిన రెక్క

మా జిల్లాలో కొండలున్నాయి, సముద్రమూ ఉంది. రెండూ ఒకచోట లేవు. పడమర ఉదయగిరి వైపు కొండలు, తూర్పున సముద్రం, మధ్యలో రైలుకట్ట, మద్రాసు రోడ్డు, కనుచూపు మేర వరిపొలాలు. దేవుడు అలా పెట్టాడు, మనకేం పోయింది అనుకునేదాన్ని నేను. మా ఆయన మాత్రం దీన్ని తనకు జరిగిన అన్యాయంగా తీసుకున్నారు. సముద్రపు ఒడ్డున నిటారుగా ఒక కొండ ఉండాలి. దాని అంచుకు గాలి ఎదురుగా కొడుతూ ఉండాలి. వెదురుతో, గుడ్డతో చేసిన రెక్కను చంకల కింద పెట్టుకుని అక్కణ్ణించి దూకాలి. నేల మీద కాలు మోపకుండా కాసేపు గాల్లో ఉండాలి. ఆయన కోరికంతా అదే. పెళ్ళయిన మొదటి నెలలోనే ఈ మాట నాతో చెప్పారు. నేను నవ్వాను. నవ్వకుండా అప్పుడే కాదని ఉంటే పోయేది.

ఆయన మిషన్ స్కూల్లో వడ్రంగం మేష్టారు. నేను అదే కాంపౌండులో ఆడపిల్లల బడిలో కుట్టు టీచర్ని. యాభైల చివర్లో మాకు పెళ్ళయింది. అంతకు ముందెప్పుడో విదేశాల నుంచి బడికి ఉలులూ రంపాలూ వచ్చాయట. వాటికి చుట్టిన పాత పత్రిక కాగితం మీద ఒక బొమ్మ ఉంది. సముద్రం, పక్కన గోడలాంటి కొండ, దాని మీంచి గాల్లోకి వచ్చేసిన ఒక మనిషి. రెక్క కింద వేలాడుతున్నాడు. కాళ్ళు రెండూ వెనక్కి చాచి ఉన్నాయి. ముఖం కనపడదు. ఆ కాగితాన్ని అట్టకు అంటించి మంచం పక్కన గోడకు తగిలించారు. ఉలులూ రంపాలూ బడికి పోయాయి, ఆ బొమ్మ మాత్రం నా సంసారంలోకి వచ్చింది.

ఎండాకాలం సెలవులిస్తే తోటి టీచర్లందరూ పుట్టిళ్ళకు పోయి, మామిడిపళ్ళు తిని, ఒళ్ళు చేసి తిరిగొచ్చేవాళ్ళు. మేము గట్టు వెతుక్కుంటూ సముద్రం వెంట తిరిగేవాళ్ళం. ఒక ఏడు కోట అనే ఊరి వైపు. ఒక ఏడు నాయుడుపేటలో దిగి అక్కణ్ణించి ఎద్దుబండి మీద. ఇంకో ఏడు కాలవలో ఉప్పు పడవ మీద, ఎండకు తల మాడిపోతూ. స్టవ్వు, బియ్యం, ఊరగాయ జాడీ, దుప్పట్లు, వెదుళ్ళ కట్ట, గుడ్డ మూట. ఆయన వెదుళ్ళు మోసేవారు. మిగిలిన సామాను ఎవరు మోసేవాళ్ళో చెప్పనక్కర్లేదు.

బస్సుల్లో ప్రతిసారీ ఒకటే గొడవ. పచ్చి వెదుళ్ళూ తెల్లగుడ్డా ఒకచోట చూస్తే మా వైపు ఎవరికైనా తట్టేది ఒకటే.

"పాడె సామాను బస్సు మీద ఎక్కించేదానికి లేదు, దించండి" అన్నాడొక కండక్టరు.

"పాడె కాదబ్బా, రెక్క" అన్నారు మా ఆయన.

కండక్టరు నా వైపు చూశాడు. నిజం నేను చెబుతాననుకున్నాడేమో. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాతి ఏడు నుంచి వెదుళ్ళ కట్టకు నా పాత పూలచీర చుట్టేదాన్ని. అప్పట్నుంచి ఏ కండక్టరూ నోరెత్తలేదు.

పల్లెల్లో అడిగిన వాళ్ళకు మా ఆయన ఓపిగ్గా అంతా చెప్పేవారు. వాళ్ళూ ఓపిగ్గా వినేవాళ్ళు. చివర్లో ఎవరో ఒక ఆడమనిషి నన్ను చూసి, "మీకేంలేమ్మా, పిల్లా జెల్లా లేరు. యాడన్నా తిరగొచ్చు" అనేది. ఆ మాటకు ఒళ్ళు మండిపోయేది. పిల్లలు లేకపోవడమంటే తీరిక అనుకుంటారు లోకంలో. మా ఇంట్లో ఒక పెద్ద పిల్లవాడు ఉన్నాడని, వాడికి గడ్డం కూడా వస్తోందని చెబుదామని నోటిదాకా వచ్చేది. చెప్పేదాన్ని కాదు.

మొదట్లో కాలవ కట్ట మీంచి దూకి బురదలో పడ్డారు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఇసుక దిబ్బల మీద పడ్డారు. ఇసుక మెత్తన, పడినా ఏం కాదని ఆయన నమ్మకం. కోట అవతల ఒక దిబ్బ మీంచి పరుగెత్తి దూకినప్పుడు రెక్క ఒక పక్కకు ఒరిగింది. ఇసుక అంత ఉండగా, పోయి పోయి తాటిమొద్దు మీద పడ్డారు. తొడ ఎముక విరిగింది.

నెలల తరబడి పుత్తూరు కట్టుతో మంచం మీదే ఉన్నారు. కట్టు బాగానే కట్టారు, ఎముక చక్కగా అతుక్కునేదే. కానీ లేవొద్దన్నంత కాలం పడుకోలేక గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. దాంతో కాలు కురచైపోయింది. అప్పట్నుంచి ఒక భుజం కిందికి, ఒక భుజం పైకి వేసుకుని నడిచేవారు. ఆయన ఎత్తూ లావూ ఉన్న మనిషి. నాకు మెతుకు ఒంటికి పట్టదని మా అమ్మ బాధపడేది. ఆ మనిషిని లేపి కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, బట్టలు మార్చి, అన్నం కలిపిపెట్టి, బడికి పరుగెత్తి, బడి నుంచి మళ్ళీ ఇంటికి పరుగెత్తి వచ్చేదాన్ని. నడుంనొప్పి అప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఉంది. అయినా విసుక్కున్నానేమో గానీ ఆయన మీద అసహ్యం రాలేదు. అది కూడా చెప్పాలి.

తర్వాత కాలు చూపించడానికి ఆస్పత్రికి పోతే డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. మళ్ళీ అదే చోట విరిగితే ఇక అతకదు, చంకకర్రలు తప్పవు అన్నాడు. వడ్రంగం మేష్టారిది పొద్దస్తమానం నిలబడి చేసే పని. నిలబడలేని మేష్టారిని బడి ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? మేమున్నది బడి వాళ్ళ ఇల్లు. ఆయన పని పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే నా ఒక్కదాని జీతంతో, చంకకర్రల మీద ఉన్న మనిషిని పెట్టుకుని ఏ గుడిసెలో ఉండాలి? డాక్టరు చెప్పింది చెప్పినట్టు ఆయనకు చెప్పాను. "ఊఁ" అన్నారు. గోడ మీది బొమ్మ వైపు చూస్తూ అన్నారు.

రెండు వేసవులు ప్రశాంతంగా గడిచాయి. పీడ విరగడైందనుకున్నాను. మూడో వేసవికి ముందు ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పెరట్లో వెదురు చీల్చిన వాసన. అరుగు మీద అలాగే కూలబడ్డాను.

"ఈ ఒక్క తూరే. ఎగిరినా సరే, ఎగరకపోయినా సరే. దీంతో సరి" అన్నారు ఆయన.

"డాక్టరు చెప్పింది గుర్తుందా?"

"ఉండాది. కాలు గట్టిగా చుట్టుకుంటాలే."

నేను ఒప్పుకున్నాననుకున్నారు. ఒప్పుకోలేదు. కాదనే ఓపిక లేకపోయింది, అంతే. తెల్లవార్లూ వాదించి, ఏడ్చి, అలిగి, మళ్ళీ పొద్దున్నే ఆ మనిషికే కాఫీ పెట్టివ్వడం నా వల్ల కాలేదు. అలసిపోయిన వాళ్ళు మంచివాళ్ళలా కనపడతారు, అదొక సుఖం.

రెక్కకు గుడ్డ నేనే అతికాను. ముతక గుడ్డను వెడల్పుగా కలిపి, అంచులకు రెండేసి కుట్లు వేశాను. చట్రానికి బిగించి పెరట్లో ఎత్తి పట్టుకుంటే గాలి గుడ్డలోంచి దూరి నా ముఖానికి తగులుతోంది. గాలి నిలవడం లేదని ఆయన దిగులుపడ్డారు. గుడ్డ బిగువుగా నిలబడాలంటే ఏం చేయాలో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? ప్రతి ఆదివారం చర్చికి ఆయన పంచె ఎవరు నిలబెడుతున్నారు? పెద్ద అండాలో చిక్కగా గంజి కాచాను. చాలదేమోనని గుప్పెడు సగ్గుబియ్యం కూడా వేశాను. గుడ్డ విప్పి అందులో ముంచి, దండేల మీద సాగదీసి ఆరేశాను. సాయంత్రానికి అప్పడంలా బిగిసింది. వేలితో కొడితే టకటకమంది. ఎత్తి పట్టుకుంటే ఈసారి గాలి అవతలికి పోలేదు. నా చేతుల్లోంచి చట్రాన్నే లాగేయబోయింది.

ఆయన ముఖం చూడాలి ఆ సాయంత్రం.

"నీకింత బుర్ర ఉండాదని తెలవకపోయెనే" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో నేను చేసిన పులుసులకూ, కుట్టిన చొక్కాలకూ, ఎత్తిన బరువులకూ రాని మెప్పు ఆ గంజికి వచ్చింది. నాకూ సంతోషంగానే ఉండింది, అబద్ధమెందుకు. ఆ మనిషి కాలు విరగ్గొట్టుకోవడానికి నేనే సాయం చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా సంతోషపడ్డాను.

ఆ తడవ బోగోలు వైపు పోయాం. బస్సు దిగి, బండి మాట్లాడుకుని, బండి పోలేని చోట దిగి నడిచి, చేపలు పట్టేవాళ్ళ ఊరు ఒకటి చేరాం. మా వైపు పట్టపుపాళెం అంటారు అలాంటి ఊళ్ళను. ఒక ముసలామె వలలు పెట్టుకునే పాక మాకు ఖాళీ చేసి ఇచ్చింది. ఊరికి కాస్త ఎడంగా, సరుగుడు తోట అంచున ఒక దిబ్బ ఉంది. సముద్రం వైపు గాలి కోసి కోసి నిలువుగా చేసింది దాన్ని. కొండ కాదు గానీ, ఇన్నేళ్ళలో మేం చూసిన వాటన్నిట్లోకీ అదే ఎత్తు. పైకెక్కి కిందికి చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రపు గాలి లేచి దిబ్బను ఢీకొని పైకి తన్నుకొస్తుంది. ఇసుక రేణువులు పిక్కలకు సూదుల్లా తగిలాయి.

"ఇదే" అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున చూస్తే రెక్క మెత్తబడి వేలాడుతోంది. ఉప్పుగాలి చెమ్మకు గంజి బిగువు పోయింది. ఎండ పడితే మళ్ళీ బిగుసుకుంటుందని చెప్పి, చట్రంతో సహా దిబ్బ కింద ఇసుకలో పరిచి, గాలికి లేవకుండా కొసల మీద ఇసుక పోశాను. ఆయన కుంటుకుంటూ దిబ్బ ఎక్కి, పరుగెత్తే దారి చదును చేసుకుంటున్నారు. మధ్యాహ్నం గాలి లేవగానే దూకాలని. నేను పాకలోకి పోయి నడుం వాల్చాను. కాసేపే అనుకున్నాను. కళ్ళు మూసుకున్నది గుర్తుంది, అంతే.

ముసలామె వచ్చి లేపింది.

"టీచరమ్మా, లెయ్యమ్మా. నీ రెక్కను ఆవులు మేస్తా ఉండాయి."

పరుగెత్తాను. ఎముకలు తేలిన నాలుగైదు ఆవులు రెక్క చుట్టూ చేరి, ఎంతో శ్రద్ధగా, తొందరేం లేకుండా నములుతున్నాయి. ఎడమ పక్క గుడ్డ సగానికి సగం పోయింది. ఒక ఆవు నోట్లోంచి నేను వేసిన రెండు కుట్ల అంచు వేలాడుతోంది.

"దీనికి గంజి పెట్టినావా ఏంది?" అంది ముసలామె, ఆవుల్ని అదిలిస్తూ. "గంజికి ఉప్పు తగిలినాక ఇంకేముండాది, కుడితే గదా. ఈ ఎండల్లో గడ్డి పోచ లేదు ఊర్లో. అవి మాత్రం ఏం చేస్తాయి పాపం."

మా అమ్మగారింట్లో గేదె ఉన్నన్నాళ్ళూ గంజి తీసుకుపోయి కుడితి తొట్టిలో పోసింది నేనే. ఆ పని చేస్తూ పెరిగిన దాన్ని. చెమ్మకు మెత్తబడుతుందా, గాలికి చిరుగుతుందా అని వంద ఆలోచించాను. గుడ్డకు పెట్టిన గంజి పశువుకు కుడితి అవుతుందన్నది మాత్రం తట్టలేదు. నవ్వొచ్చింది. నవ్వుతోపాటు, నిజం చెప్పాలంటే, గుండెల మీంచి బరువు దిగింది. ఇక రెక్క లేదు. ఆయన దూకరు. కాలు దక్కింది, ఇల్లు దక్కింది. సామాను సర్దుకుని సాయంత్రం బండికి పోవచ్చు. మనసులో ఆ ఆవులకు దణ్ణం పెట్టుకున్నాను.

అప్పుడు ఆయన దిబ్బ దిగి వచ్చారు. రెక్కను చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది, నాకూ నాలుగు మాటలు అనడానికి దారి దొరికేది. ఆయన ఇసుకలో కూర్చుని, నమిలిన గుడ్డను వేళ్ళతో మెల్లగా సర్దడం మొదలుపెట్టారు. జ్వరం వచ్చిన వాళ్ళ దుప్పటి సర్దినట్టు సర్దారు. ఆయన చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయని అప్పుడే చూశాను.

నా నోరే నాకు శత్రువు.

"పాత తెరచాప గుడ్డ ఏమన్నా ఉంటుందా అవ్వా?" అని అడిగాను ముసలామెను.

ఆమె తెచ్చి ఇచ్చింది. ఎన్ని సముద్రాలు చూసిందో, చెట్టు బెరడు రంగు పట్టి, తోలులా మందంగా ఉంది. నా సూదులు దానికి ఆనలేదు. ఆమె ఇచ్చిన దబ్బనంతో కుట్టాను. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా కుట్టాను. బొటనవేలు పొంగింది, అరచేతుల్లో పొక్కులు లేచి చితికాయి. ఆయన పక్కన కూర్చుని గుడ్డ లాగి పట్టుకున్నారు. మధ్యలో ఒకసారి, "నొప్పిగా ఉండాదా?" అన్నారు. లేదన్నాను.

ఒక పక్క తెల్లగా, ఒక పక్క ముదురు రంగు అతుకుతో రెక్క తయారైంది. దాన్ని ఇద్దరం దిబ్బ మీదికి మోసుకుపోయాం. గాలి అప్పటికే జోరందుకుంది. ఊరి ఆడవాళ్ళు కొందరు ఒడ్డున చేపలు ఆరబోస్తూ తలెత్తి చూస్తున్నారు. ఆయన ముఖంలో రక్తం లేదు. భయపడుతున్నారు. భయపడుతున్నా దూకుతారని నాకు తెలుసు.

రెక్క మధ్యలో చంకలు ఆనించుకోవడానికి రెండు వెదురు బొంగులు ఉంటాయి. రెక్కను నా చేతికిచ్చి, "దీని ముక్కు కిందికి వంచి పట్టుకో. లేపినావంటే గాలి లాగేస్తాది. నేను కాలు చుట్టుకుంటా" అని వెనక్కి పోయి కూర్చున్నారు. కురచ కాలికి మోకాలి పై నుంచి గుడ్డపేలికలు చుట్టడం మొదలుపెట్టారు.

నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. చేతులతో పట్టుకోవడం నా వల్ల కాలేదు, అరచేతులు భగ్గుమంటున్నాయి. అందుకని ఆ రెండు బొంగుల మీదికి చేతులు వేసి చంకల కింద ఆనించుకున్నాను. కాస్త సుఖంగా అనిపించింది. అలా ఆనుకునే ఉన్నాను. ఆయన ఎప్పటికి చుట్టడం పూర్తి చేస్తారో, ఎంత ఎత్తు నుంచి పడతారో, ఎవర్ని పిలవాలో, బండి ఎక్కడ దొరుకుతుందో, బస్సులో ఎలా పడుకోబెట్టాలో ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచనతో కూడా అలసిపోయాను. నా ఒళ్ళంతా ఆ బొంగుల మీద వదిలేసి కళ్ళు మూసుకున్నాను.

రెక్క ముక్కు లేచింది. నేనేం చేయలేదు. నిద్రకు ఒరిగే మనిషిలా వెనక్కి వాలానంతే. గాలి కిందికి దూరి రెక్కను ఎత్తింది. రెండడుగులు ఈడ్చుకుపోయినట్టయింది, ఇసుక జారింది, తర్వాత కాళ్ళ కింద ఇసుక లేదు.

వెనక నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం వినపడింది. అంతసేపూ పటపటలాడిన గుడ్డ ఒక్కసారిగా చప్పుడు మానేసింది. కళ్ళు తెరిస్తే పడవలు కింద ఉన్నాయి. వలలు, ఆరబోసిన చేపలు, నోళ్ళు తెరిచిన ఆడవాళ్ళు. నురుగు ఒడ్డుకు వచ్చి పోతోంది. అతుకు వేసిన పక్క బరువై కాస్త కిందికి వంగింది. నేను ఒడ్డు వెంట మెల్లగా అటే తిరిగాను. చీర కుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకున్నాయి. ఎంతసేపు ఉన్నానో తెలియదు. మనిషి మంచినీళ్ళ గ్లాసు ఎత్తి తాగి దించేంత సేపేమో. తర్వాత తడి ఇసుక ఎదురొచ్చింది. మోకాళ్ళ మీద పడ్డాను. వెదురు ఫెళ్ళుమని విరిగింది, అల వచ్చి నన్నూ రెక్కనూ కలిపి తడిపింది.

ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి లేపారు.

"ఏందమ్మా అట్టా పోతివి" అని ముసలామె నా చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. మోకాళ్ళు గీరుకుపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు.

ఆయన దిబ్బ మీంచి కూర్చునే జారుతూ వచ్చారు. కాలికి సగం చుట్టిన పేలిక వెనక ఈడుస్తోంది. వచ్చి, నేను అనుకున్నట్టు రెక్కను చూడలేదు. ముందు నన్నే చూశారు. నా తల మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే నిలబడ్డారు. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

కాసేపటికి అడిగారు.

"ఎట్టా ఉండింది?"

అన్నం అడిగే పిల్లవాడి గొంతులా ఉంది ఆ గొంతు. నాకు ఏడుపొచ్చింది. పదేళ్ళు కలవరించిన మనిషి ఒడ్డున నిలబడి అడుగుతున్నాడు. నేనేమో ఎన్నడూ కోరుకోని దాన్ని, నిలబడటానికి ఓపిక లేక ఆనుకున్న దాన్ని, తడిసి ముద్దై చెప్పాలి. చెప్పాను. కాళ్ళ కింద ఇసుక పోవడం, గుడ్డ చప్పుడు మానేయడం, పడవలు కింద కనపడటం. ఆయన కళ్ళార్పకుండా విన్నారు.

విన్నాక, విరిగిన వెదురు చేతిలోకి తీసుకున్నారు. తర్వాత పాక వైపు చూశారు. అక్కడ ఇంకో వెదురు ఉంది, ఎప్పుడూ ఒకటి ఎక్కువ తెచ్చేవారు.

"రేపటికి కట్టేయొచ్చు" అన్నారు. "గాలి బాగుండాది. నిన్ను ఎత్తింది గదా."

నేను లేచి, రెక్క మధ్యలో, విరిగిన చోటనే కూర్చున్నాను.

"నేను అలిసిపోయినాను" అన్నాను. "ఇంకోసారి మిమ్మల్ని మొయ్యలేను. ఎగరాలనుంటే ముందు నన్ను బస్సెక్కించండి. మీరు ఎగిరినాక ఏమైందని నేను అడగను, ఆస్పత్రికీ రాను."

అరవలేదు. ఏడవలేదు కూడా. అంత మాట నా నోట వస్తుందని నాకే తెలియదు. ఆయన నా ముఖం చాలాసేపు చూశారు, అందులో ఎక్కడన్నా సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు. అప్పుడు కురచ కాలు చాచుకుని నా పక్కన కూర్చుని, వంగి, రెక్క తాళ్ళు ఒక్కొక్క ముడే విప్పడం మొదలుపెట్టారు. నన్ను లేవమని కూడా అనలేదు. నా చుట్టూ ఉన్న ముడులన్నీ విప్పారు. మళ్ళీ ఆ తాళ్ళు ముట్టలేదు.

తిరుగు బస్సులో మళ్ళీ అడిగారు, ఎట్టా ఉండిందని. చెప్పాను. ఇంటికొచ్చాక గంజి పోయేదాకా గుడ్డను ఉతికి కిటికీలకు పరదాలు కుట్టుకున్నాను. అతుకు గుడ్డ ఆయన పనిబల్ల మీద పరుచుకున్నారు. అన్నం తింటూ అడిగేవారు, బడికి పోతూ అడిగేవారు. తిరిగేటప్పుడు భుజం నొప్పి పుట్టిందా, కళ్ళలో నీళ్ళు వచ్చాయా, సముద్రం ఏ రంగులో ఉంది? చెప్పీ చెప్పీ నాకు విసుగు పుట్టేది. ఆయన విసిగిపోలేదు. గోడ మీది బొమ్మ ఎప్పుడు తీసేశారో నేను గమనించలేదు.

మొదట్లో అందరికీ, "మా ఇంటామె ఎగిరింది" అని చెప్పేవారు. కొన్నాళ్ళకు "మేము ఎగిరినాం" అయింది. ఒక క్రిస్మస్‌కు కొత్తగా వచ్చిన పాస్టరు గారిని టీకి పిలిచాం. నేను టీ పోస్తుంటే మా ఆయన చెబుతున్నారు. "ఇసుక ఇట్టా జారిపోయింది. గుడ్డ చప్పుడు ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే పడవలు నా కింద ఉండాయి." అని, నేనున్నట్టు గుర్తొచ్చి ఆగిపోయారు. మా చూపులు కలిశాయి. పాస్టరు గారు గ్లాసు పట్టుకుని ఎదురు చూస్తున్నారు.

"అతుకు వేసిన పక్క బరువుగా ఉండింది కదా" అన్నాను నేను. "అందుకే ఒడ్డు వెంట తిరిగింది."

"ఆ, అవును" అన్నారు ఆయన, ఊపిరి వదిలి. "ఒడ్డు వెంట తిరిగింది."

ఆ రోజు నుంచి అది ఆయనదే అయిపోయింది. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నాకు కష్టం కలగలేదు. చంకకర్రలు లేకుండా, సొంత కాళ్ళ మీద నిలబడి ఆ మాట చెప్పగలిగారు, నాకు అదే చాలనిపించింది.

ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్ళు తలలు నెరిశాక కూడా అప్పుడప్పుడు వస్తారు. "అయ్యవారు ఎంత ఎత్తు ఎగిరినారమ్మా?" అని అడుగుతారు. తాటిచెట్టంత అంటాను. నిజానికి అందులో సగం కూడా లేదు. వాళ్ళు తలలూపి, సంతోషంగా టీ తాగి పోతారు.

నేను చూసిందంతా ఆయనకు ఇచ్చేశాను. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. ఎన్నిసార్లు అడిగినా ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి దాటేసేదాన్ని. ఆ కాసేపూ నేను ఎవరినీ మోయలేదు, నన్నే ఏదో మోసింది. వెనక ఆయన పిలుస్తున్నారు, వినపడుతూనే ఉంది, పలకాలనిపించలేదు. ఆయన కాలు గుర్తు రాలేదు, ఇల్లు గుర్తు రాలేదు. తడి ఇసుక దగ్గరికి వస్తుంటే, అయ్యో, అప్పుడే దిగాలా అనిపించింది.